మచ్చకు తగ్గింపు

ఏప్రిల్ నెలాఖరు.
విన్నిపెగ్ సరస్సు మీద మంచు ఇంకా
తిన్నాక ఎవరూ ఎత్తని కంచంలా ఉంది.
షెడ్డులో స్టాండుకు తగిలించిన మోటారు కింద
పాత పెయింటు డబ్బా పెట్టి
డ్రెయిన్ స్క్రూ విప్పాను.
తేనెలా జారవలసిన నూనె
మజ్జిగలా వచ్చింది.

వేలితో తడుముకుంటూ పోతే
ప్రొపెల్లరుకు జానెడు పైన దొరికింది నెర్రె.
వెంట్రుకంత సన్నం, బొటనవేలంత పొడుగు.
గోరు దాని దగ్గర ఒక్క క్షణం ఆగి
మళ్లీ కదిలింది.

ఎవరి పనో నాకు తెలుసు.
పోయిన అక్టోబరులో సీలు కారుతోందని చూసి
"వచ్చే ఏడు చూద్దాంలే" అన్న మనిషి
ఈ చేతితొడుగుల్లోనే ఉంది.
ఆరు డాలర్ల రబ్బరు చుట్ట.
గోటితో పోయేది.
లోపల చేరిన గుక్కెడు నీళ్లు
జనవరిలో, మైనస్ ముప్పై ఎనిమిదిలో,
ఉబ్బడానికి చోటు చాలక
అల్యూమినియాన్ని పక్కకు నెట్టాయి.
గొడ్డలి కూడా అక్కర్లేకపోయింది.

కొత్త గేరు కేసు రెండు వేల నాలుగు వందలు, పన్ను వేరే.
ఆ అంకె రాసిన కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అతికించి
వారం రోజులు
దాని వెనకున్న పాలు మాత్రం తీసుకున్నాను.
మంచు పోగానే వలలు దిగాలి.

మొదట చవక దారి.
కేసు విప్పి, నెర్రె రెండు చివర్లా చిన్న రంధ్రాలు వేశాను.
పగులు అక్కడిదాకా వచ్చి, ఇక దారి తోచక, ఆగుతుందట.
మధ్యలో గాడి తీసి, అసిటోనుతో తుడిచి,
రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపి కూరాను.
పదమూడు డాలర్లు.
రాత్రంతా హీటరు పక్కన పెట్టి
జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు
రెండుసార్లు లేచి చూశాను.

పొద్దున్నే సోల్రున్ తన సైకిలు పంపు తెచ్చింది.
పదకొండేళ్లు. బడికి ఆలస్యమైనా పర్వాలేదట, దానికి.
పది పౌండ్ల గాలి పట్టించి
గిన్నెలు తోమే సబ్బునీళ్లు పూశాం.
ఒక నిమిషం. ఏమీ లేదు.
రెండు. అది నా వైపు చూసింది, నేను మీటరు వైపు.
మూడో నిమిషంలో
ఎపాక్సీ అంచున కాదు,
నేను అసలు చూడనే చూడని చోట, బేరింగు వెనక,
ఒక బుడగ నెమ్మదిగా తలెత్తింది.
షెడ్డు కిటికీ మొత్తం అందులో వంగి కనబడింది.
"ఎంత బాగుందో" అంది సోల్రున్.
నా మొహం చూసి "సారీ" అంది.

వెల్డింగు చేయమంటే
ఓస్టాప్ హ్రిన్‌చుక్ పెదవి విరిచాడు.
"ఇన్నేళ్లు నూనె తాగిన లోహం. మంట తగిలితే బుసబుసమంటుంది.
నీ డబ్బు తీసుకుని నీకు జల్లెడ ఇవ్వలేను."
గడ్డి మొలిచిన ఇంజన్ల వరసల్లో నడిపించాడు.
మూడో వరసలో అదే మోడలు.
గేర్లు ఎవరో పట్టుకుపోయారు, కేసు మిగిలింది.
దాని పొట్ట మీద
సరిగ్గా నాది పగిలిన చోటే
బూడిదరంగు మాసిక.
అంచుల్ని ఎంత నునుపుగా దిద్దారంటే
కంటికి కాదు, వేలికి తెలిసింది.
రెండు చివర్లా రెండు రంధ్రాలు, పూడ్చినవి.

ఎవరిదని అడిగాను.
"పైన్ డాక్ వైపు ఒకావిడది.
అలాగే తొమ్మిదేళ్లు నడిపింది.
మోటారుకేం కాలేదు, ఆమె మోకాళ్లే పోయాయి."
నాలుగు వందలన్నాడు.
నేను వేలు తీయకపోవడం చూసి
"సరే, మచ్చకు వంద తగ్గిస్తాలే."

నిజానికి ఆ మచ్చకే ఇంకో వంద ఇచ్చేదాన్ని.
ఆ మాట అతనితో అంటానా.
మూడు వందలు,
జూన్‌లో రెండు పెద్ద పికెరెల్ చేపలు, ముల్లు తీసినవి.

సీళ్లు ఈసారి రెండు జతలు కొన్నాను.
ఒకటి లోపలికి, ఒకటి షెడ్డు మేకుకు.
సోల్రున్ మళ్లీ పంపు పట్టింది.
మూడు నిమిషాలు. అయిదు. పది.
సబ్బు ఎండి తెల్లగా పొలుసు కట్టింది.
బుడగ రాలేదని
దానికి కొంచెం కోపం.